పసుపు క్లిప్పు

మార్చి 3, మంగళవారం

అన్నయ్య బతికే ఉన్నాడు. ముందు ఆ మాట రాసుకోవాలి.

కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు ఉంచాలన్నారు. ఎడమ చూపుడువేలి కొన మీద ఆవగింజంత తెల్లటి మచ్చ ఉంది, కరెంటు అక్కడినుంచే లోపలికి వెళ్లిందట. ఆ దెబ్బకు స్టూలుతో సహా వెనక్కి పడ్డాడు. నేను పెరట్లో టీ గ్లాసులు కడుగుతున్నాను. స్టూలు పడిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత ఏ చప్పుడూ లేకపోవడం కూడా విన్నాను.

మిగతాది రేపు రాస్తాను.

మార్చి 4

రాయడానికేమీ లేదు.

మార్చి 5

ఎందుకు జరిగిందో అన్నయ్యే తేల్చేశాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

పాత గాజు వాల్వుల యాంప్లిఫయర్ అంటే ప్లగ్గు పీకేసినా చావని జంతువు అంటాడు అన్నయ్య. లోపలి డబ్బాల్లో, అంటే ఆ లావుపాటి కెపాసిటర్లలో, నాలుగు వందల పైచిలుకు వోల్టులు కాచుకుని కూర్చుంటాయి. అందుకని విప్పగానే జలగ పెట్టాలి. ఒక కొసన మొసలి నోటి క్లిప్పు, ఇంకో కొసన సన్నటి ఇనప పుల్ల, నడుమ ఒక రెసిస్టరు. అన్నయ్య సొంత తయారీ, పేరు కూడా ఆయన పెట్టిందే. అరనిమిషంలో ఉన్నదంతా పీల్చేస్తుంది. మీటరు సున్నా చూపించాక యాంప్లిఫయర్ పిడికి పసుపు క్లిప్పు తగిలిస్తాడు. బట్టలారేసే క్లిప్పే. అది ఉంటే కడుపు ఖాళీ అని అర్థం, రెండు చేతులూ పెట్టవచ్చు. లేకపోతే ఎడమ చెయ్యి జేబులో ఉండాల్సిందే. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా దాటుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

మంగళవారం క్లిప్పు ఉంది. అన్నయ్య రెండు చేతులూ పెట్టాడు.

ఇవాళ మంచం మీద కూర్చుని, పిండికట్టు ఒళ్లో పెట్టుకుని, తాపీగా చెప్పాడు. "ఖాళీ చెయ్యకుండానే క్లిప్పు పెట్టేశానన్నమాట. చేసినట్టే గుర్తుంది. మీటరు సున్నా చూసినట్టు కూడా గుర్తుంది. అదే భయంగా ఉంది చిట్టీ. చెయ్యని పని చేసినట్టు గుర్తుండటం."

వదిన దుప్పటి సర్దుతున్నదల్లా ఆగింది. ముగ్గురం ఒకే మనిషిని తలుచుకున్నాం. నాన్న పెదనాన్నకు ఒకే ఉత్తరం మూడుసార్లు రాసి మూడుసార్లూ పోస్టు చేశాడు. మూడోది వచ్చినప్పుడు పెదనాన్న ఫోన్ చేసి నవ్వాడు, మేమూ నవ్వాం. అప్పుడు నాన్నకు యాభై ఐదు. ఆ తర్వాత ఆరేళ్లకు నన్ను చూసి, "ఎవరమ్మాయి ఈమె, చాలాసేపటినుంచి నిలబడింది, కూర్చోమనండి" అన్నాడు.

అన్నయ్యకు వచ్చే శ్రావణానికో భాద్రపదానికో యాభై ఐదు నిండుతాయి. నేను లెక్క వేశాను. ఆయనా వేసుకునే ఉంటాడు.

మార్చి 7

రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఆ మధ్యాహ్నం అన్నయ్య లోపల భోజనం చేస్తున్నాడు. అన్నయ్య రిపేరు షాపంటే వాళ్లింటి ముందు గదే. కాలేజీలో నా సబ్జెక్టు ఎత్తేసినప్పటినుంచి మధ్యాహ్నాలు అక్కడే కూర్చుంటున్నాను, ఫోన్ చూసుకుంటూ, రిజిస్టరు రాస్తూ. పనికి వస్తున్నానని అనిపించుకోవాలనే తాపత్రయం. ఆ తాపత్రయమే.

మాస్టారు ఫోన్ చేశారు. గిటారు నేర్పే పెద్దాయన, డెబ్భై దాటాయి, బల్ల మీదున్న యాంప్లిఫయర్ ఆయనదే. గుర్రుమంటోందని, మధ్యమధ్య చిటపటలాడుతోందని తెచ్చిచ్చారు. "దీపమైనా వెలుగుతోందా అమ్మా?" అని అడిగారు. ఐసీయూ బయట నిలబడి అడిగినట్టు అడిగారు. చూసి చెబుతానండీ అన్నాను. ప్లగ్గు పెట్టాను. స్విచ్చి వేశాను. దీపం వెలిగింది. వెలిగిందని చెప్పాను. ఆయన సంతోషం నా చెవిలో ఇంకా ఉంది. స్విచ్చి తీసేశాను, ప్లగ్గు పీకాను. రెండు నిమిషాలు. అంతే.

క్లిప్పు పిడికే ఉంది. చూశాను.

తీసెయ్యాలని నాకు తెలియదు. అన్నయ్య ఎప్పుడో ఒకసారి చెప్పాడేమో.

మార్చి 8

రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నేను ఏదో చదువుకుంటూ ఊకొట్టాను.

కాని రెండు నిమిషాలే కదా. రెండు నిమిషాల్లో ఎంత చేరుతుంది? పైగా ఆఫ్ చేశాక వాల్వులు కొంత తాగేస్తాయని అన్నయ్యే చెప్పాడోసారి. అసలు జలగే పని చెయ్యడం లేదేమో. లోపల తీగ తెగి ఉండవచ్చు. అది పాతది. అలాగైతే అన్నయ్య తప్పూ కాదు, నా తప్పూ కాదు.

మార్చి 10

వదిన అన్నయ్యను కట్టు చూపించడానికి తీసుకెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు. జలగను మీటరుకు తగిలించి చూశాను. బాగానే ఉంది. ఒంచి చూశాను, బాగానే ఉంది. గుంజి, మెలిపెట్టి, బల్లకేసి కొట్టి చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. పని చెయ్యకూడదని కోరుకుంటూ ఒక వస్తువును ఇన్నిసార్లు పరీక్షించిన మనిషి ఇంకొకరు ఉంటారా?

అన్నయ్య రిపేరు పుస్తకం కూడా తీసి చదివాను. పెద్ద వాల్వులు పీకి ఉంటే ఆ కరెంటును తాగేవాళ్లుండరు. డబ్బాల్లో గంటల తరబడి అలాగే నిలిచి ఉంటుంది.

ఆ రోజు పెద్ద వాల్వులు రెండూ బల్ల మీద, గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆ గుడ్డ పక్కనే నా చెయ్యి ఆనించి ఫోన్ మాట్లాడాను.

మార్చి 12

అన్నయ్య కబురుచేశాడు. మాస్టారి యాంప్లిఫయర్ మధ్యలో వదిలెయ్యలేనని, తను చెబుతుంటే నేను చెయ్యాలని. నా నోటంట రాలేననే మాట రాలేదు. ఏ ముఖంతో అంటాను?

నా కుర్తాకు జేబు లేదు. ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టాలి? వదిన అన్నయ్య పాత చొక్కా జేబు విప్పి, నన్ను నిలబెట్టి ఒంటి మీదే కుట్టేసింది. "ఇన్నేళ్లు తర్కం పాఠాలు చెప్పావు, ఒక జేబు సంపాదించుకోలేకపోయావా తల్లీ?" అంది. నేను ఆడపడుచునైనప్పటినుంచీ ఆవిడకు నా పేరు తర్కమే. నవ్వాను. సూది నడుం దగ్గర చల్లగా తగిలింది.

అన్నయ్య వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చేత్తో చెక్కపుల్ల పట్టుకుని, బతికున్న, అంటే కరెంటు ఉన్న, యాంప్లిఫయర్ లోపల ఒక్కొక్క అతుకునూ మెల్లగా తట్టాలి. ఎక్కడ చిటపటమంటే అక్కడ రోగం. దాని అడుగుభాగం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. రంగు వెలిసిన తీగలు, మైనం కారిన డబ్బాలు, సన్నటి వేడి వాసన. జేబులో నా వేళ్లు గుడ్డను మెలిపెట్టేస్తున్నాయి. మూడో వాల్వు సాకెట్టు దగ్గర పుల్ల తగలగానే స్పీకరు భళ్లుమంది.

"అదే, దొరికింది. చూశావా, నీ చెయ్యి మంచిది" అన్నాడు అన్నయ్య.

నా చెయ్యి మంచిది.

మార్చి 14

ఆఫ్ చేసి, జలగ పెట్టి, సున్నా చూసి, క్లిప్పు తగిలించి, మూడో సాకెట్టుకు మళ్లీ టంకం వేశాను. మొదటి అతుకు చెడింది, రెండోది నిలిచింది. చిటపట పోయింది. గుర్రుమనడం మాత్రం ఉంది. డబ్బాలు ఎండిపోయాయట, మార్చాలి.

అన్నయ్య రెండుసార్లు అడిగాడు. "జలగ పెట్టమని చెప్పానా?" చెప్పావన్నయ్యా. రెండు నిమిషాలాగి, "చిట్టీ, జలగ?" పెట్టానన్నయ్యా. మూడోసారి అడగలేదు. లేచి వచ్చి, నా భుజం మీదుగా మీటరు వంక చూసి, వెళ్లి కూర్చున్నాడు. కూర్చున్నాక సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గును నేను చూడనట్టు నటించాను.

ఈ మనిషి కళ్లు మూసుకుని, ధ్వని విని, ఏ వాల్వు పోయిందో చెప్పేవాడు.

మార్చి 16

చీటీలు రాసుకుంటున్నాడు. ఎడమ చేత్తో, ఒకటో తరగతి పిల్లాడి అక్షరాలతో. "ఫ్యాను ఆపాను." "బీపీ మాత్ర, పొద్దున, వేసుకున్నాను." "చిట్టి 2 గంటలకు వచ్చింది." చొక్కా జేబు చీటీలతో ఉబ్బి ఉంది. వదిన రాత్రిపూట అవి తీసి చదువుతోందట. చదివి మళ్లీ అలాగే పెట్టేస్తుందట. "ఒకదాంట్లో నా పేరు రాసుకున్నాడే" అంది. ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి ఇద్దరికీ సౌకర్యంగా ఉంది.

ఇరవయ్యారో తేదీ గురువారం, పదింటికి, జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గర పేరు రాయించింది. కట్టు విప్పాక బల్లా సామానూ పక్క వీధి రేడియో మెకానిక్కుకు ఇచ్చేస్తానన్నాడు అన్నయ్య. నా వల్ల ఎవరికైనా ఏమైనా అయితే ఎలా, అన్నాడు.

చెప్పెయ్యవచ్చు. ఒక్క వాక్యం. "ఆ రోజు స్విచ్చి నేనే వేశాను." కర్త, కర్మ, క్రియ. ఎందుకు రాదు?

రాదు ఎందుకంటే మొదటిరోజు చెప్పి ఉంటే అది పొరపాటు. ఇప్పుడు చెబితే పదమూడు రోజులు.

మార్చి 17

పధ్నాలుగు.

మార్చి 18

ఇవాళ చెప్పాలని బయల్దేరాను. దారంతా ఆ వాక్యం పలుకుతూ నడిచాను. వెళ్లేసరికి మాస్టారు కూర్చుని ఉన్నారు. ఒళ్లో అన్నయ్యకోసం తెచ్చిన బత్తాయిల సంచి.

నిదానస్తులు. ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ మనం ఓ పని చేసుకు రావచ్చు. "ఆ రోజు ఫోనులో అమ్మాయి..." అని మొదలుపెట్టారు. "మాస్టారూ, డబ్బాలు వచ్చాయండీ, కొత్తవి!" అని అరిచినంత పని చేశాను. పెట్టె తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. టీ తెచ్చాను. ఆయన గిటారు గురించి అడిగాను, మనవరాలి గురించి అడిగాను. అరగంట వదలకుండా మాట్లాడాను. వెళ్తూ, "మీ చెల్లెలు ఇంత మాటకారని తెలీదు" అన్నారు అన్నయ్యతో.

ఆయన మెట్లు దిగేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాను. పాపం, నేను అలా నిలబడటం చూసి వయసులో పెద్దవాళ్లంటే గౌరవమనుకుని ఉంటారు.

మార్చి 20

ఒక ఉపాయం తట్టింది. ఎవరికీ నష్టం లేనిది.

అన్నయ్యకు కావలసింది ఏమిటి? తన బుర్ర బాగానే ఉందని తెలియడం. అంతే కదా. అది ఎలా తెలిస్తే ఏం?

జలగ పుల్ల దగ్గరి తొడుగు వెనక్కి లాగాను. కట్టరుతో లోపలి తీగ కత్తిరించాను. తొడుగు మళ్లీ ముందుకు జరిపాను. పైకి ఏమీ తెలియదు. మీటరు పెడితే చలనం లేదు.

మార్చి 21

చూపించాను. కొత్త డబ్బాలు వెయ్యబోతూ, జలగ పెట్టినా మీటరు దిగడం లేదేమిటి అన్నట్టు మొహం పెట్టాను. నాటకాల్లో వేసి ఉండాల్సింది నేను. "అన్నయ్యా, ఇది తెగిపోయింది! ఒకసారి అంటుకుంటూ, ఒకసారి ఊడుతూ ఉన్నట్టుంది. ఆ రోజూ ఇదే జరిగి ఉంటుంది. నువ్వు పెట్టావు, అదే పీల్చలేదు."

ఎడమ చేత్తో తీసుకున్నాడు. తొడుగు పళ్లతో లాగాడు. భూతద్దం పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. భూతద్దం కళ్లకు పెట్టుకున్నప్పుడు ఆయన మొహం ఎవరికీ అందదు.

"సరే" అన్నాడు.

అంతే. సరే అన్నాడు. నాకు ఎన్నో రోజుల తర్వాత ఆకలి వేసింది. వదిన పెట్టిన అన్నం రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

మార్చి 23

వదిన ఫోన్. అన్నయ్య రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదట. డాక్టరు అపాయింట్‌మెంటు ముందుకు జరుపుతారేమో కనుక్కోమన్నాడట.

నాకు అర్థం కావడం లేదు.

మార్చి 24

వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను. నొప్పి ఉంది కూడా.

మార్చి 25, బుధవారం

వరసగా రాయాలి. ఒక్కటీ వదలకుండా.

రెండింటికి వెళ్లాను. అన్నయ్య బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ముందర జలగ, తొడుగు విప్పి. పక్కన ఇంకో తీగ ముక్క.

"ఇలా రా. ఇది అరిగి తెగిన తీగ, పాత మైకుది. పోగులు చూడు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, నల్లబడి ఉన్నాయి. ఇది మన జలగ. పోగులన్నీ ఒకే ఎత్తు. మెరుస్తున్నాయి. కొసలు నొక్కుకుపోయాయి. ఇది తెగింది కాదు చిట్టీ. కట్టరుతో కోసింది."

నేను నిలబడే ఉన్నాను.

"కోప్పడటం లేదు. నువ్వూ మీ వదినా కలిసి చేశారో, నువ్వొక్కదానివే చేశావో. పిల్లాడు పడి ఏడుస్తుంటే నేలను కొట్టి చూపిస్తాం, చూడు, దీన్ని కొట్టేశాం, ఊరుకో అని. అలా చేశావు. నాకు కోపం లేదు. కాని నన్ను అలా ఊరుకోబెట్టాల్సినంతదాకా వచ్చిందంటే..." జలగను పక్కకు జరిపాడు. "నాన్నకు నువ్వే కదా చెప్పేదానివి, ఆ ఉత్తరాలు పోస్టు వాళ్ల పొరపాటు నాన్నా అని."

అవును. నేనే చెప్పేదాన్ని. నాన్న నవ్వి నమ్మేవాడు.

అప్పుడు చెప్పాను. అన్ని రోజులు దారిలో పలుకుతూ నడిచిన వాక్యం కాదు, ఏదో నోటికి వచ్చినట్టు. ఫోనొచ్చింది, దీపం వెలుగుతోందా అన్నారు, స్విచ్చి వేశాను, క్లిప్పు తియ్యలేదు, చూశాను, తియ్యలేదు. పెద్ద వాల్వులు గుడ్డలో ఉన్నాయి.

అన్నయ్య నా వంక ఎంత జాలిగా చూశాడో రాయలేను.

"ఇది రెండో మందా? మొన్న జలగ మీద పెట్టావు, పని చెయ్యలేదు. ఇవాళ నీ మీద పెట్టుకుంటున్నావు."

నమ్మలేదు. ఈ ఇరవై రెండు రోజుల్లో నేను ఏయే భయాలు పడలేదు? తిడతాడని, ముఖం చూడడని, వదిన గుమ్మం తొక్కనివ్వదని. నమ్మడేమో అన్న భయం మాత్రం ఒక్కసారీ పడలేదు. నిజం చేతిలో పెట్టుకుని నిలబడ్డాను, అది చెల్లడం లేదు. చెల్లకుండా చేసింది నేనే, కట్టరుతో.

"మాస్టారికి ఫోన్ చెయ్యి. నేను చెయ్యను, నువ్వే చెయ్యి. నేను వంటింట్లోకి పోతాను. ఆ మూడో తారీకు మధ్యాహ్నం ఏం జరిగిందో నువ్వే అడుగు" అన్నాను.

వంటింట్లో వదిన గిన్నె తోముతోంది. నా మొహం చూసి కుళాయి కట్టేసింది. అందువల్ల అంతా వినబడింది. కుశలాలు. బత్తాయిలు తియ్యగానే ఉన్నాయి. తర్వాత, "మొన్న మూడో తారీకు మీరేమైనా ఫోన్ చేశారా మాస్టారూ?" మాస్టారి మాటల నడుమ ఖాళీలు ఎంత పెద్దవో నాకు తెలుసు. వదిన తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఆగింది. "వెలిగిందని చెప్పిందా? ఆ... ఎన్నింటికి? మీరు లైనులో ఉండగానేనా? ఆ... ఆ... లేదండీ, ఊరికే. ఊరికే అడిగాను."

ఫోన్ పెట్టిన చప్పుడు. వదిన నా వంక తిరిగింది. ఆవిడకు అన్నీ అర్థమయ్యాయి. కుళాయి మళ్లీ విప్పలేదు.

నేనే ముందు గదిలోకి వెళ్లాను. అన్నయ్య జేబులోంచి చీటీలు తీసి బల్ల మీద పోశాడు. ఒక్కొక్కటీ చూస్తున్నాడు, ఎవరివో అన్నట్టు.

"సున్నా చూశాను కదూ" అన్నాడు. నన్ను కాదు, మీటరును అడిగినట్టు.

"చూశావన్నయ్యా."

"పెట్టాను. చూశాను. అప్పుడే క్లిప్పు పెట్టాను."

"అవును."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. నువ్వు జలగ పెట్టావు, సున్నా చూశావు, క్లిప్పు పెట్టావు. ఆ తర్వాత నేను స్విచ్చి వేశాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. మూడోసారికి ఆయన భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. పిండికట్టు బల్లకు తగిలి టకటకమంటోంది. దగ్గరికి వెళ్లబోయాను. ఎడమ చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఇరవై రెండు రోజులు చిట్టీ. ఇరవై రెండు రోజులు నేను నాన్నలా బతికాను."

నేను బల్ల మీది చీటీల వంక చూశాను.

"చావబోయానని కాదు. అది ఎవరికైనా జరుగుతుంది. ఎదురుగా కూర్చుని, నేను చీటీలు రాసుకుంటుంటే చూశావు." చీటీలు పక్కకు నెట్టి, "ఇంటికి వెళ్లు" అన్నాడు.

వచ్చేశాను. రేపు రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మార్చి 26, గురువారం

ఎనిమిది నుంచి ఫోన్ ముందు కూర్చున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్తారో లేదో తెలియదు. అడిగే అర్హత లేదు. వెళ్లాలనీ ఉంది, వెళ్లకూడదనీ ఉంది. యాభై నాలుగేళ్లు ఎలాగూ నిజమే కదా, నాన్నా నిజమే కదా. ఈ భయం నేను తెచ్చింది కాదు. కాని ఇక నుంచి ఆయన ఏదైనా మరిచిపోతే, ఊరికే మరిచిపోయాడని అనుకోగలిగేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. అది నేను తెచ్చిందే.

పదకొండుకు వదిన ఫోన్ చేసింది.

"పదింటికి కదా వెళ్లాల్సింది. ఇంకా గురక పెడుతున్నాడు. ఇన్ని రోజులూ కునుకు లేనివాడు, రాత్రి తొమ్మిదింటికి పడుకుని పక్కైనా మారలేదు. రెండుసార్లు లేపడానికి వెళ్లాను. లేపబుద్ధి కాలేదు."

"వదినా..."

"నీకు చెప్పమని ఆయన అనలేదు. నేనే చెబుతున్నాను" అని పెట్టేసింది.